రంగుకి పనికిరాని నీళ్లు

"నా పేరు మంగరాజు కింద రాత్తావేటి? సంఘం పెట్టిందెవడు?" అని పెయింటరు ఎల్లాజీ మీద అరిచాను.

నర్సీపట్నంలో మా కూలీల సంఘం గది. నేల మీద బేనరు గుడ్డ. గంట నుంచీ ఇదే తగువు. అధ్యక్షుడు కాబట్టి తన పేరే పైనుండాలని మంగరాజు పట్టు.

గుమ్మం దగ్గర తలుపులమ్మ ఒళ్లో సీసా పెట్టుకుని కూర్చుంది. అందులో వాళ్ల ఊరి నూతి నీళ్లు. అవి తాగి ఆవిడ మనవరాలు మూడు రోజులుగా వాంతులతో మంచం పట్టింది. ఆ సీసా ఆఫీసరుకి చూపించడానికే ఈరోజు ఊరేగింపు.

"ఆఫీసరు ఒంటిగంటకి ఎల్లిపోతాడంట బాబూ" అంది.

"ఉండప్పా! బేనరు నేకుండా ఎలగెల్తాం?" అని మంగరాజు కసిరాడు.

చివరికి నా పేరే పైన అని తేలింది. గెలిచానని మీసం కూడా దువ్వుకున్నాను. రంగు కలపమని, తలుపులమ్మ ఒళ్లో సీసా లాక్కుని ఎల్లాజీకి అందించాను.

మూత తీసి ఎల్లాజీ మొహం తిప్పుకున్నాడు. "ఛీ! ఈ నీళ్లొద్దండి, రంగు సెడిపోద్ది."

"ఎవరక్కడ? మంచినీళ్లు తెండి, బేగి!" మంగరాజు కేకేశాడు.

తలుపులమ్మ లేచి, సీసా అందుకుని మూత బిగించుకుంది. "రంగుకైతే మంచినీళ్లు బేగొత్తాయి" అని మెట్లు దిగిపోయింది.

వెనకాలే పరిగెత్తాను. "ఆగప్పా, నేనూ వత్తన్నాను."

ఆవిడ తిరిగి చూడకుండానే అడిగింది.

"మరి మీ పేరో, బాబూ?"