కదలని బండరాయి

“ఆపు, ఆపు! అమ్మ వీడియో కాల్ చేస్తాండాది. దిగు మే, సీటు మారాల!” అన్నాడు ధనుంజయ.

నీలిమ గోకర్ణం సముద్రపు గట్టున, ఒక పెద్ద బండరాయి పక్కన కారు ఆపింది. చౌడేపల్లె నుంచి ఇక్కడిదాకా బండి నడిపింది ఆమే. పుంగనూరు బజారులో లారీ ఎదురొస్తేనే కళ్లు మూసుకున్న మగడు, ఫోను మోగినప్పుడల్లా డ్రైవరైపోతున్నాడు.

“కోడలు బండి నడుపుతాండాదని తెలిస్తే అమ్మ తాళంచెవి లాక్కుంటాది. మళ్లీ నీ చేతికి రాదు, సూసుకో.”

ఆ భయంతోనే ఆమె పక్క సీట్లోకి మారి, ఫోను పట్టుకుంది. ధనుంజయ ఆగి ఉన్న కారు స్టీరింగును అటూ ఇటూ తిప్పసాగాడు.

“చెప్పమ్మా! ఘాటు రోడ్డులో పోతాండాము. అబ్బ, ఏం మలుపులో!”

ఫోను తెర మీద తల్లి కెంపమ్మ కొడుకు వెనకాలకు తొంగి చూసింది.

“మలుపులు సరే నాయనా, నీ ఎనకాల ఆ బండరాయి యాల కదల్లేదు? అది కూడా మీతోపాటే వస్తాండాదా?”

ధనుంజయ చేతులు ఆగిపోయాయి. నీలిమ ఫోను దించబోయింది.

“ఉండమ్మా నీలిమా, పెట్టేయొద్దు. బండి నేర్చుకుంటానని ఆవుల కొట్టం గోడ కూల్చినోడు వీడు. వీడు నడిపింటే మీరు పుంగనూరు దాటిందురా? నాకు తెలీదనుకుంటివా?”

నీలిమ ఫోను తన వైపు తిప్పుకుంది. “కోపమా అత్తా?”

“కోపం గాక? నన్ను యాల పిల్చకపోతివి? ఈసారి నీ పక్కన నేను కూచుంటా. వాణ్ణి ఈడ పాలు పిండమను!”