పంపని రిపోర్టు

పూతలపట్టు అవతల గ్యాస్ పైపులైను పేలి కాపలాదారు తులసీరాం చనిపోయి నెలయింది. ప్రమాదం జరిగితే వెంటనే పైకి రిపోర్టు పంపాలి. మా ఆఫీసరు పంపలేదు. కాగితం మీద ప్రమాదమే లేదు కాబట్టి హాజరుపట్టీలో తులసీరాం ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు. సిగ్గుండక్కర్లా మనుషులకి!

నిన్న రాత్రి కంట్రోల్ రూములో ఒక్కణ్ణే ఉన్నాను. ఎదుట బోర్డు మీద తులసీరాం గది ఫోను లైటు వెలిగింది. ఆ గది, ఫోను రెండూ పేలుడులో కాలిపోయాయి.

రిసీవరు ఎత్తాను. బుస్సుమని గ్యాస్ చప్పుడు. దాని వెనక తెలిసిన గొంతు.

“నరేంద్రా, లైను లీకవతా ఉండాది. ఆ పొద్దు గూడా చెప్పినాను. ఆఫీసరు వద్దన్నాడని నువ్వు రాసుకోలేదు. ఈ తూరన్నా రాస్తావా అప్పా?”