పుట్టలో గాలి దారి

చెదపురుగుల పుట్ట ఏటేటా పెరుగుతోంది. దాని నడుమ, అడుగు నుంచి పైదాకా ఒక గాలి దారి ఉండేది.

"ఇంత చోటు ఊరికే పడి ఉంది. ఇక్కడ గది కట్టుకుంటాను," అంది ఒక పడుచు చెదపురుగు.

"ఊరికే లేదు తల్లీ. మనందరి ఊపిరి అందులోంచే వస్తుంది," అంది పుట్టకు పునాది వేసిన ముసలిది.

"నాదొక్క గది కడితే గాలి ఆగిపోతుందా, అవ్వా?"

ఆగలేదు. అది చూసి ఇంకొకటి కట్టుకుంది, ఆ పక్కన మరొకటి. వేసవికల్లా దారంతా గదులే. అడుగు అరల్లో ఉక్కకు పిల్లలు సొమ్మసిల్లాయి.

అన్నీ ముసలిదాని చుట్టూ చేరి, దారి తెరవాల్సిందేనన్నాయి.

"సరే. ముందు నీ గది తియ్యి," అంది ముసలిది, మొదట కట్టినదానితో.

"నాదొక్క గది తీస్తే గాలి వచ్చేస్తుందా, అవ్వా?"