ఒక్క జత అక్షరాలు

రాత్రి పదకొండయినా పరిశోధకురాలు ల్యాబ్ వదల్లేదు. బాక్టీరియాలో అమైనో ఆమ్లాలను మోసుకెళ్లే ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏలు ఎన్నో రకాలు. వాటి మీదికి ఆమ్లాలను ఎక్కించే ఎంజైములు ఏది ఏదో ఎలా పోల్చుకుంటాయో తేల్చడమే ఆమె పని. అలనిన్ అనే ఆమ్లాన్ని మోసేదాన్ని దాని ఎంజైము ముఖ్యంగా ఆ ఆర్ఎన్ఏ గొలుసులోని ఒక్క జత అక్షరాలను తడిమి నమ్మేస్తుంది. ఆ జతను ఆమె వేరొక ఆర్ఎన్ఏకు అతికించింది. ఎంజైము దానికీ అలనినే ఎక్కించింది.

"పిచ్చి మొద్దు!" అని పగలబడి నవ్వి, అదే ఊపులో ఇంటికి ఫోన్ చేసింది. ఇంట్లో ఉండేది ఇద్దరే, తనూ, చూపు లేని అమ్మా.

"అమ్మా, ఇంకో గంట పడుతుంది. నువ్వు పడుకో."

"ఎవరమ్మా మీరు?"

"నేనే, నీ కూతుర్ని."

"వేళాకోళాలొద్దు. మా అమ్మాయి వచ్చి గంటయింది. నాకు భోజనం వడ్డిస్తోంది."

ఆమె దిగ్గున కుర్చీలోంచి లేచింది. "అది నేను కాదమ్మా! దాని గొంతు విన్నావా?"

"జలుబేమో, మాట్లాడట్లేదు. అయితేనేం? బొటనవేలి మీద కాలిన మచ్చ తడిమి చూశాను. నా బిడ్డను నేను పోల్చుకోలేనా?"

"అమ్మా, ముందు బయటికొచ్చెయ్! పక్కింటి తలుపు కొట్టు!"

"పెట్టెయ్యండి ఫోను," అని విసుక్కుని, అమ్మ అటు తిరిగి ముద్దుగా అంది. "వస్తున్నానే. అబ్బ, మెల్లిగా! చెయ్యి అంత గట్టిగా పట్టుకుంటావేమిటే?"

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది గాని లైను తెగలేదు. ఆమె అరుస్తూనే ఉంది. అవతల వీధి తలుపు గడియ పడింది. తర్వాత ఒక్కో గదిలో స్విచ్చు టక్కుమని ఆర్పుతున్న చప్పుడు, నింపాదిగా ఫోను దగ్గరికి వచ్చింది.