వానల మంత్రి

గోడమీది పెట్టె కీచుకీచుమంది.

"ఏమండీ, వాన!" అంటూ ఆవిడ మేడమెట్లు ఎక్కేసింది.

ఆయనా వెనకే పరిగెత్తాడు. ఆరేసిన బట్టలన్నీ లాగి లోపల పడేశారో లేదో, బయట దబదబా మొదలైంది.

ఆవిడది బట్టలకు రంగులద్దే పని. ఆరకముందే తడిస్తే వారం కష్టం నీళ్ళపాలే. పోయినేడాది రెండుసార్లు అలాగే అయింది. మూడోసారి కూడా తడిస్తే ఈ పనే మానేస్తానని ఏడ్చింది.

అందుకే ఆయన ఈ వైర్‌లెస్ వాతావరణ యంత్రం కొన్నాడు. మేడమీద కర్రకు గాలిచక్రం, వానగిన్నె. లోపల గోడకు అంకెలు చూపించే పెట్టె. మధ్య ఒక్క తీగ కూడా లేదు!

బిగించిన రోజే వీధంతా పిలిచి చూపించాడు. అప్పట్నుంచీ ఒక్క గుడ్డ తడవలేదు. వీధివాళ్ళు ఆయనకు 'వానల మంత్రి' అని పేరు పెట్టేశారు. ఇక మంత్రిగారి కాళ్ళు నేలమీద ఆనితే ఒట్టు.

చిరాకల్లా ఆ టోపీ మనిషితోనే. వెనక వీధిలో అద్దెకుంటాడు. బిగించిన రోజున కూడా వచ్చాడు. ఏదో చెప్పబోయి, నవ్వి ఊరుకున్నాడు. తర్వాత నెలకోసారి గుమ్మంలో ప్రత్యక్షం.

"పెట్టె బాగా చూపిస్తోందా అమ్మా?"

"భేషుగ్గా, అన్నయ్యగారూ. రండి, కూర్చోండి."

"వద్దమ్మా, ఒక్కసారి చూసి పోతాను."

చూసేవాడు, తలూపేవాడు, వెళ్ళిపోయేవాడు.

"ఏం మనిషే బాబూ! మన అంకెలు ఊరికే చూసిపోతాడు," అని గొణిగేవాడు మంత్రిగారు.

"పోనిద్దురూ. చూస్తే అరిగిపోతాయా?"

ఈ నెల మాత్రం గొణగలేదు, మొహానే అనేశాడు: "సొంతంగా ఒకటి కొనుక్కోకూడదటండీ?"

టోపీ మనిషి నవ్వుతూనే వెళ్ళిపోయాడు.

వారం తిరిగింది. దుమ్ము తుడుద్దామని ఆయన చక్రాన్ని కర్రమీంచి విప్పి, కిందికి తెచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"గాలి వేగం పద్దెనిమిదండీ ఇవాళ," అంది ఆవిడ పెట్టె చూసి.

"సరేలే."

"సరేలే ఏంటండీ? చక్రం మీ ఒళ్ళోనే ఉందిగా! కదలను కూడా లేదు!"

ఆయన గబగబా దాన్ని తిరగేశాడు. బ్యాటరీల అర ఖాళీ.

"అయ్యో రాత! అసలు బ్యాటరీలే వెయ్యలేదా?"

"పైన సోలార్ పలక ఉంది కదే, అదే చాలనుకున్నాను!"

ఆవిడ పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి ఠక్కున ఆగింది.

"మరి ఇన్నాళ్ళూ ఈ అంకెలు ఎవరివండీ?"

ఇద్దరికీ ఒకేసారి టోపీ గుర్తొచ్చింది. ఉన్నపళంగా వెనక వీధికి పరుగు.

"పొద్దున్నే ఇల్లు ఖాళీ చేశాడు బాబూ," అంది ఆ ఇంటి పెద్దావిడ.

ఆ పెద్దావిడ మేడమీద అచ్చం అలాంటి చక్రమే గిరగిరా తిరుగుతోంది.

"ఆ మంత్రిగారు మీరేనా! మీ ఇంట్లో పెట్టె గాల్లోంచి అతని ఈ చక్రం అంకెలే అందుకుని చూపిస్తోందని మొదటిరోజే చెప్పబోయాడట. వీధంతా పిలిచి మీరు మురిసిపోతుంటే నోరు రాలేదట. నెలనెలా దీని సాలెగూళ్ళు దులిపి, మీదాకా అందుతోందో లేదో చూసొచ్చేవాడు."

మంత్రిగారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"మరి ఇది ఇక్కడే వదిలేశాడేం పిన్నిగారూ?"

"పట్టుకెళ్ళు నాయనా అని నేనూ చెప్పాను బాబూ, తీస్తే ఆ తల్లి బట్టలు తడుస్తాయని ముట్టుకోనైనా ముట్టుకోలేదు."