వాలిన గీత

"లెన్సు తిరిగింది."

"తిరగలేదు."

"తిరిగిందంటున్నానుగా! గీత ఎలా వాలిపోయిందో మీరే చూడండి."

"నిన్న నేనొక్కణ్ణే చూసినప్పుడు నిక్షేపంగా ఉంది. నువ్వు కొలిస్తేనే వాలుతుందా?"

డాక్టరమ్మ పళ్లు నూరుకుంది. కంటి ఆపరేషన్లు చేసేది మొగుడు. పెట్టిన లెన్సు పెట్టిన చోటే ఉందో లేదో ఆ తర్వాత కొలిచేది ఆమె. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే ఆస్పత్రి కావడంతో వాళ్ల పోట్లాటకు ఆదివారం కూడా సెలవు లేదు. ఆమె కొలతల మీద నమ్మకం పోయిందో ఏమో, ఈమధ్య కొలిచేటప్పుడల్లా పక్కకొచ్చి నిలబడి, ఇంటి గొడవలు కూడా చెవిలో గొణుగుతున్నాడు. అది ఆమెకు ఒళ్లు మండే సంగతి.

యంత్రం ముందు గడ్డం ఆనించి, నుదురు పట్టీకి తాకించి కూర్చుంది టైలరమ్మ. ఆవిడ కంట్లో పెట్టింది మామూలు లెన్సు కాదు. చూడటానికి గుండ్రంగానే ఉంటుంది గానీ, ఏ కోణంలో పెడితే ఆ కోణంలోనే నిలబడాలి. కాస్త పక్కకి తిరిగినా చూపు చెదిరిపోతుంది. దాని అంచున పైనా కిందా సన్నటి చుక్కలుంటాయి. ఆ చుక్కల్ని కలుపుతూ తెర మీద పడే గీత నిటారుగా ఉంటే లెన్సు భద్రంగా ఉన్నట్టు. వాలిందంటే కన్ను మళ్లీ తెరిచి సర్దాల్సిందే.

"నాకు బానే కనిపిస్తోంది తల్లీ," అంది టైలరమ్మ. "పొద్దున సూదిలో దారం కూడా నేనే ఎక్కించుకున్నా."

"మాట్లాడకండమ్మా, గడ్డం కదులుతుంది."

ఆవిడ కంటి గురించి ఆవిడ మాట వినే తీరిక అక్కడెవరికీ లేదు. గదిలో దీపాలు ఆర్పేసి ఉన్నాయి. మొగుడూ పెళ్లాలిద్దరి చూపూ తెర మీదే ఉంది.

"యంత్రం చెడిపోయిందేమో," అన్నాడు డాక్టరు.

"ఇంజనీరు చూసి వెళ్లాడు. అందరి కళ్లూ సరిగ్గానే చూపిస్తోంది. ఈవిడ దగ్గరే ఈ గొడవ."

"అంటే నేను వంకరగా పెట్టానంటావు."

"నేనేమీ అనలేదు."

"అవును, మా అక్కనీ నువ్వేమీ అనలేదు. పాపం, ఆవిడే ఉత్త పుణ్యానికి పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది!"

పేషెంటు వింటుందని డాక్టరమ్మ చప్పున గొంతు తగ్గించింది.

"లెన్సు గురించి మాట్లాడుతుంటే మధ్యలో మీ అక్క ఎందుకు?" అంది గుసగుసగా.

"ఫోన్ చేసి పిలిచావా మరి?" అతనూ గుసగుసే.

"ఆవిడ మీ అక్క. మీరే పిలుచుకోండి."

తెర మీద గీత ఇంకాస్త వాలింది. దాన్ని చూడగానే డాక్టరు చేతులెత్తేశాడు.

"సరే, నువ్వే గెలిచావు. థియేటర్ సిద్ధం చేయిస్తున్నా. ఇవాళే కన్ను తెరిచేద్దాం."

తలుపు విసురుగా వేసి వెళ్లిపోయాడు. గెలిచినందుకు డాక్టరమ్మకి సంతోషం కలగలేదు. మానిన కన్ను మళ్లీ తెరవడమంటే మాటలా? లోపల చీము పడితే ఉన్న చూపు కూడా పోతుంది.

"మళ్లీ కోస్తారా తల్లీ?" అంది టైలరమ్మ. "నాకు ఈ కన్నే దిక్కు. రెండోది ఎప్పుడో పోయింది. ఇది కూడా పోతే నా మిషను మూలన పడుతుంది, నాతో పాటే."

డాక్టరమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. మొగుడి మీద, యంత్రం మీద, తన మీద తనకే ఎక్కడలేని చిరాకూ వచ్చింది. రోజూ చేసే పని ఈ ఒక్క మనిషి దగ్గర ఎందుకు తప్పుతోందో అంతుపట్టలేదు.

"ఇంకొక్కసారి చూస్తానమ్మా. కదలకండి."

చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. గీత నిటారుగా ఉంది.

"ఏవండీ! ఒకసారి ఇటు రండి!"

డాక్టరు తలకి టోపీతోనే పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది?"

"నిటారుగా ఉంది."

"ఇందాక వాలిందన్నావు!"

"ఇందాక వాలింది. మీరూ చూశారుగా!"

"ఇదేమన్నా ఆటా? అక్కడ థియేటర్లో అందరూ చేతులు కడుక్కుని కూర్చున్నారు. నా మీద పంతానికి కొలుస్తున్నావా?"

"పంతాలు మీ ఇంటావంటా ఉన్నాయి, నాకు లేవు. ఇంతకీ నేను ఫోన్ చేయలేదని ఎవరన్నారు? నిన్న చేశాను. చేస్తే మీ అక్కయ్య ఏమందో తెలుసా?" డాక్టరమ్మ గొంతు బాగా తగ్గించి, మొగుడి చెవి దగ్గరికి వంగింది. "ఆవిడేమందంటే..."

అంతలో డాక్టరు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తెర మీద గీత కదులుతోంది. ఇద్దరూ చూస్తుండగానే మెల్లగా పక్కకి ఒరిగిపోతోంది. కాసేపు గదిలో చడీచప్పుడూ లేదు. గీత మళ్లీ నిదానంగా లేచి నిటారుగా నిలబడింది.

"నా జన్మలో ఇలాంటి లెన్సు చూడలేదు," గొణిగాడు డాక్టరు.

గీత మళ్లీ ఒరిగింది.

ఇక ఓపిక పట్టలేక టైలరమ్మ యంత్రం మీంచి గడ్డం తీసేసింది. "సరిగ్గా ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ గొంతు తగ్గించేస్తారు! ఇంతకీ ఫోన్లో మీ ఆడపడుచు ఏమందో కాస్త గట్టిగా చెప్పు తల్లీ, చెవి అటు వంచీ వంచీ నా మెడ పట్టేసింది!"