రెండో సీసా

పశువుల డాక్టరు మెరిన్ బల్ల మీదున్న రెండు సీసాల్లో ఒకదాని మూత తీసి, ఒక్క చుక్క మైక్రోస్కోపు కింద పెట్టింది. డిసెంబరులో నడివేసవి వచ్చే స్కోన్ ఊళ్లో గుర్రాల ఫారం నడిపే ఆమె మొగుడు డార్సీ, తలుపు దగ్గరే నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"సగానికి సగం కదలటమే లేదు. కదిలేవి కూడా ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి. డిసెంబరు ఎండ దెబ్బ!" అంది మెరిన్.

"వారం నుంచీ వానలేగా?"

"వీర్యం తయారవడానికి రెండు నెలలు పడుతుంది బాబూ. అప్పటి వేడి ఇప్పుడు బయటపడుతుంది."

డార్సీకి తన గుర్రం మీద జాలి పొంగుకొచ్చింది.

"పాపం, తప్పేముంది? నలభై నాలుగు డిగ్రీల్లో ఆ రేకుల షెడ్డులో ఉంటే ఎవడైనా వాడిపోతాడు. రోజంతా నేనూ అందులోనే ఉంటాగా, ఆ ఉడుకు నాకు తెలీదా? ఫ్యాను పెడదాం. రెండు పూటలా చన్నీళ్లు కొడదాం. నువ్వు మాత్రం ఎగతాళి చేసి చిన్నబుచ్చకు. మగాడన్నాక అభిమానం ఉంటుంది."

"చెయ్యనులే."

"పబ్‌లో ఎవరి చెవినా వెయ్యకు. రెండు నెలలు ఓపిక పట్టు."

"మూడేళ్లు పట్టాను. ఇంకో రెండు నెలలు పట్టలేనా?"

"మూడేళ్లేంటి? గుర్రం మన దగ్గరికొచ్చి ఏడాదేగా?"

మెరిన్ రెండో సీసా మూత తీసింది.

"గుర్రానిది ఇప్పుడు చూస్తాను. ఇందాకటిది, పొద్దున నువ్వు సిగ్గుపడుతూ నా చేతిలో పెట్టిన సీసా. ఇంతకీ, ఫ్యాను ఏ గదిలో పెట్టమంటావ్?"